కరెంటు లేని రోజు మాత్ర

హిందూపురం,
2 మార్చి 2025

ధర్మవరంలో పిండి మిషను తిప్పి తిప్పి చెవులు పోగొట్టుకుని, ఇప్పుడు తెలివి కూడా పోగొట్టుకున్న నా తమ్ముడు నారాయణప్పకు అక్క కళావతి రాసేది.

ఆశీర్వాదాలు తర్వాత. ముందు తిట్లు చదువుకో.

ఫోన్లోనే తిడదామనుకున్నాను. కానీ నువ్వు "ఆ? ఏమి? గట్టిగా చెప్పు" అంటూనే ఉంటావు. నేను అరిచేది మా వీధంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఉత్తరం. అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది, చదవడానికి రాలేదని సాకు చెప్పొద్దు.

నీకు మూతి పక్కకు పోయిందని, ఎడమ చెయ్యి పడిపోయిందని నీ పెండ్లాం రత్నమ్మ చెప్పినప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. తెడ్డు అట్లే వదిలేసి కూర్చుండిపోయాను. సంగటి మాడి కంపు కొట్టేదాకా నాకు సోయి లేదు. నా కొడుకు శ్రీకాంత్ పెనుకొండలో డ్యూటీ దిగి ఇంటికి కూడా రాకుండా నేరుగా నీ దగ్గరికి పరిగెత్తాడు. చిన్న పక్షవాతమే, బతికిపోయాడని డాక్టరు అన్నాడంట. అంతవరకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత శ్రీకాంత్ ఇంకో మాట చెప్పాడు. అది విన్నప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

"మామా, బీపీ మాత్ర సరిగ్గా వేసుకుంటాండావా" అని వాడు అడిగితే, నువ్వు "వేసుకుంటాండానప్పా, కరెంటు లేని రోజు వేసుకుంటాండా" అన్నావంట.

కరెంటు లేని రోజు. లైను రిపేరని ఎప్పుడో నెలకోసారి తీసేస్తే, ఆ రోజు మాత్ర. మిగిలిన రోజుల్లో నీ రక్తం నీ ఇష్టం వచ్చినట్టు ఎగిరి దూకొచ్చా? పక్షవాతం వచ్చిన రోజు నీ బీపీ రెండువందలు దాటిందంట. బీపీకి కరెంటుతో ఏమి సంబంధం నారాయణా? అది ఏమైనా నీ మోటారా, స్విచ్చి వేస్తే తిరిగి, తీస్తే ఆగిపోవడానికి?

నాకూ పోయిన నెలలో బీపీ ఉందని తేలింది. శ్రీకాంత్ పెనుకొండలో ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకుపోయాడు. నీకిచ్చిన జాతి మాత్రే రాశారు. థయాజైడ్ అని ఏదో పేరు, మన నోటికి తిరగదు, నీళ్ల మాత్ర అనుకుందాం. ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీళ్లనూ ఒంటేలుకు పంపేస్తుందంట, దాంతో బీపీ దిగుతుందంట. నేను తెల్లారి లేచి ముఖం కడుక్కోగానే వేసుకుంటాను. ఒక్క రోజు తప్పలేదు. మనిషన్నాక అట్లా ఉండాలి.

ఇంకొకటి. నీ ఎడమ చెయ్యి మళ్లీ మునుపటిలా పని చేసేదాకా ఉప్పు ముట్టనని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. సంగటి చప్పిడి, పప్పు చప్పిడి, మజ్జిగ కూడా చప్పిడి. నాలుక చచ్చిపోయింది. నా నోట్లో ఉప్పు పడాలంటే నువ్వు మాత్ర మింగాలి. ఇక నీ ఇష్టం.

కోపంతోనే,
కళావతి

---

ధర్మవరం,
9 మార్చి 2025

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాకు అందింది. రత్నమ్మ చదువుతానంటే ఇవ్వలేదు. నన్ను తిట్టింది చదివి ఆమె సంతోషపడటం నాకు ఇష్టం లేదు.

అందరూ తిట్టేవాళ్లే గానీ ఎందుకు మాత్ర వేసుకోలేదని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు చెప్తాను విను. ఆ మాత్ర వేసుకుంటే పూట గడిచేలోపు నాలుగుసార్లు ఒంటేలుకు లేచి దొడ్డికి పోవాలి. మిషను ఇంటి ముందర, దొడ్డి ఇంటి వెనకాల. తొట్టిలో రాగులు పోసి మోటారు పట్టా ఎక్కించాక నేను కదలకూడదు. గింజలు అయిపోయి రాళ్లు వట్టిగా తిరిగితే రాయి రాయిని తింటుంది, తర్వాత పిండిలో ఇసుక వస్తుంది. మిషను ఆపి పోదామంటే ముందర ఇంతమంది ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని నిలబడి ఉంటారు. "ఏమబ్బా, మళ్లీ యాడికి పోతాండావు" అని అడుగుతారు. ఏమని చెప్పను? సిగ్గు లేదా నాకు?

మాత్ర రాసిన డాక్టరు నీ పని ఏమిటని అడిగాడా? లేదు. చీటీ రాశాడు, గంట కొట్టాడు, ఇంకొకరిని పిలిచాడు. పొలం పని చేసేవాడు, బస్సు తోలేవాడు, మిషను తిప్పేవాడు, అందరికీ ఒకటే చీటీ. నేను పూర్తిగా మానలేదు కదా. మిషను తిరగని రోజున వేసుకున్నాను. నాకు తోచిన దారి అది.

ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను, నీమీద ఒట్టు. కానీ నువ్వు ఉప్పు మానడం ఏమిటి? పక్షవాతం వచ్చింది నాకు, చప్పిడి తినేది నువ్వా? ఎవరు చెప్పారు నీకు? ఇది భక్తి కాదు, నన్ను సాధించడం. చిన్నప్పుడు కూడా ఇంతే, నేను అలిగితే నువ్వు నాకంటే ముందు అన్నం మానేసేదానివి. చివరికి నాయన దెబ్బలు నాకు పడేవి.

రత్నమ్మ ఈ వారం హిందూపురం వస్తుంది. మన చెట్టు నిమ్మకాయల ఊరగాయ జాడీ పంపుతున్నాను. మొక్కు చాలించి తిను.

నీ తమ్ముడు,
నారాయణప్ప

---

హిందూపురం,
20 మార్చి 2025

తమ్ముడికి,

నీ పెండ్లాం వచ్చింది, జాడీ తెచ్చింది, జాడీతోనే తిరిగిపోయింది. మొక్కులో ఉన్న మనిషి ముందు మూత తీసి ఆ వాసన చూపించడానికి ఆమెకు మనసు ఎట్లా ఒప్పిందో. నేను రెండు మాటలు అన్నాను. కాఫీ ఇచ్చే అన్నాను. ఆమె కూడా రెండు అంది. ఇద్దరికీ ఆకలి వేసి భోంచేశాము, ఆమె ఉప్పుతో, నేను ఉప్పు లేకుండా.

దొడ్డికి పోవడానికి సిగ్గుపడి పక్షవాతం తెచ్చుకున్న మగవాణ్ణి మన వంశంలో నిన్నే చూశాను. మూతి వంకర పోయినప్పుడు ఆ ఆడవాళ్లే కదా నిన్ను పట్టుకుని పడుకోబెట్టింది? అప్పుడు పోయిందా సిగ్గు?

కానీ డాక్టరు నీ పని ఏమిటని అడగలేదన్న మాట మాత్రం నిజమే. దాని మీద నాకూ కోపం వచ్చింది.

నా బీపీ బాగా దిగింది. మొన్న క్లినిక్కులో డాక్టరుకు చూపించుకుంటే నూట ఇరవై ఉంది. "శభాష్ పెద్దమ్మా, ఇట్లే వేసుకోండి, మూడు నెలల తర్వాత రండి" అన్నాడు. హేమలత నా వెంట వచ్చింది కదా, "రక్తపరీక్ష ఏమైనా చేయించాలా సార్, అత్త చప్పిడి తింటాంది" అని అడిగింది. ఆయన నవ్వి, "బీపీకి చప్పిడి మంచిదేనమ్మా, బాగున్న మనిషికి పరీక్షలెందుకు" అన్నాడు. నా కోడలికి అన్నీ అనుమానాలే.

మాత్ర ఒంట్లో నీళ్లు లాగేస్తుంది కదా, ఎండలు కూడా ముదురుతున్నాయి. అందుకని నీళ్లు బాగా తాగుతున్నాను. చెంబు పక్కనే పెట్టుకుంటాను, దాహం లేకపోయినా తాగుతాను. నాలుగు రోజులుగా వాంతి వచ్చేటట్టు ఉంటుంది, పిక్కలు పట్టేస్తున్నాయి, తల బరువు. మొక్కు ఊరికే తీరుతుందా, ఒళ్లు కొంచెం నలగాలి. నేను ఇక్కడ నలిగిన కొద్దీ నీ చెయ్యి అక్కడ లేస్తుంది.

చెయ్యి ఎట్లుందో నిజం రాయి.

అక్క,
కళావతి

---

ధర్మవరం,
27 మార్చి 2025

అక్కా,

జాడీ తిరిగి వచ్చింది. దాన్ని చూస్తుంటే నాకు తిక్క లేస్తోంది. ముళ్లలో చెయ్యి పెట్టి కాయలు కోసింది ఎవరు? నేనే, ఒంటి చేత్తో.

చెయ్యి బాగైంది. పూర్తిగా బాగైంది. నిన్న రాగుల మూట ఎడమ చేత్తోనే ఎత్తి తొట్టిలో పోశాను. కాబట్టి నీ మొక్కు తీరిపోయింది. ఈ ఉత్తరం చదవగానే లేచి సంగటిలో ఉప్పు వేసుకో.

ఇక్కడ మిరపకాయల కాలం మొదలైంది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే వాళ్లతో మిషను ముందర తిరునాళ్లుగా ఉంది. తుమ్మడానికే తీరిక లేదు. ఇంక పెద్దగా రాయలేను.

నారాయణప్ప

---

హిందూపురం
4 ఏప్రిల్

నారాయణా

మిషను ఆపు. రాత్రంతా తిరుగుతూనే ఉంది, నాకు నిద్ర లేదు. చెప్తే వినవు. మిషను ఆపు.

చెయ్యి బాగైందని అబద్ధం రాశావు. నీ చేతిలోంచి చెంబు జారిపోయిందని ఆ మనిషి హేమలతకు ఫోన్లో చెప్పింది. ఆ మనిషి నా సంగటిలో ఉప్పు కలుపుతోంది. నేను చూశాను. రోజూ వస్తుంది, కలిపి పోతుంది. నా మొక్కు చెడగొట్టడానికి నువ్వే పంపుతున్నావు. ఆమెను పంపొద్దు. నువ్వూ రావద్దు. నా గడప తొక్కొద్దు.

నాయన వచ్చి ఎద్దులకు నీళ్లు పెట్టలేదని నన్ను తిట్టాడు. పెట్టనిది నువ్వు. ఎప్పుడూ నువ్వే.

నీళ్లు తాగాలి. మిషను ఆపు.

---

ధర్మవరం,
7 ఏప్రిల్ 2025

కళావతమ్మ గారికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

చెయ్యి విషయంలో నేను అబద్ధమే రాశాను, ఒప్పుకుంటాను. నువ్వు చప్పిడి తిని చిక్కిపోతున్నావని రత్నమ్మ చెప్తే రాశాను. దానికి నువ్వు ఇచ్చిన బహుమానమా ఇది? నా భార్య నీ తిండిలో ఉప్పు కలిపిందా? పెళ్లయి వచ్చిన రోజు నుంచి నిన్ను వదినా వదినా అని నీ వెంట తిరిగిన మనిషి ఇప్పుడు "ఆ మనిషి" అయిందా? ఒక్క ఊరగాయ జాడీ తెచ్చిన పాపానికి ఇంత మాటా? ఆమె తనకల్లులో పుట్టింటికి పోయింది కాబట్టి సరిపోయింది. ఈ ఉత్తరం ఆమె కంట పడితే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు.

మిషను ఆపాలంట. నా అన్నం ఆ మిషను. నాకు జబ్బు చేసింది కాబట్టి మూసేసి మూలన కూర్చోవాలా? చచ్చిపోయిన నాయన్ను తెచ్చి ఎద్దుల సంగతి కూడా ఇప్పుడు తవ్వుతున్నావు. ఎద్దులకు నీళ్లు పెట్టాల్సిన వంతు ఆ రోజు నీదే. ఊరంతా ఎరుగుదురు.

గడప తొక్కొద్దన్నావు, తొక్కను. నువ్వు కబురు పెట్టినా రాను. నా చెయ్యి బాగుపడినా పడకపోయినా నీకు పని లేదు. ఎవరి ఉప్పు వాళ్లది.

నారాయణప్ప

---

ధర్మవరం,
16 ఏప్రిల్ 2025

అక్కా,

ఈ ఉత్తరం హేమలతను చదివి వినిపించమను. నీ కళ్లు ఇంకా గుచ్చి చూడలేకున్నాయి. నీ గొంతు మెల్లగా ఉంది, నా చెవులు ఇట్లున్నాయి. ఆసుపత్రిలో నీ మంచం పక్కన అన్ని రోజులు కూర్చున్నా మనం ఒక్క మాట సరిగ్గా మాట్లాడుకోలేకపోయాం. అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను.

ఏడో తారీఖు ఉత్తరం పోస్టులో వేసి వచ్చిన సాయంత్రమే రత్నమ్మ తనకల్లు నుంచి దిగింది. నా ముఖం చూసి ఏమైందంది. నువ్వు రాసింది దాచిపెట్టినా వెతికి చదివింది. గొడవ చేస్తుందనుకున్నాను. చేయలేదు. రెండోసారి చదివింది. "ఇది వదిన రాసిన జాబు కాదు. నన్ను తిట్టాలంటే పేరు పెట్టి పిలిచి, కూచోబెట్టి, కాఫీ ఇచ్చి తిడతాది. నేను పోయింది ఒక్కసారి, రోజూ వస్తాండానంట. నీ మిషను ధర్మవరంలో ఉంటే ఆమెకు హిందూపురంలో యాడ వినపడతాది? ఆమెకేమో అయ్యుండాది, లెయ్యి" అంది.

కోపంలో చదివితే ఒక రకంగా ఉన్న ఉత్తరం ఆమె మాట విన్నాక ఇంకో రకంగా కనిపించింది. గడప తొక్కనని రాసిన సిరా ఆరకముందే రైలెక్కాను. పెనుకొండలో రైలు ఆగినప్పుడు శ్రీకాంత్ ఎక్కాడు. వాడికి అప్పుడే ఫోన్ వచ్చింది, నువ్వు స్నానాల గది దగ్గర పడిపోయావని.

మేము వచ్చేసరికి నీ తలగడ కింద నిమ్మకాయ పెట్టి, చేతికి తాడు కట్టి ఉన్నారు. పక్కింటామె గాలి సోకిందంటోంది. ఎండ దెబ్బ అని ఒకరు, ముసలితనం అని ఒకరు. హేమలత మాత్రం నీ మాత్రలన్నీ సంచిలో వేసుకుని ఆటో పిలిచి నిలబడింది. ఆ పిల్లకు అన్నీ అనుమానాలే అని రాశావే, ఆ అనుమానమే నిన్ను బతికించింది.

పెద్దాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. నువ్వు నన్ను చూసి "ఎవరప్పా నువ్వు" అన్నావు. నా చెవులకు అది ఒక్కటి మాత్రం బాగా వినపడింది. రక్తం తీసి పరీక్షకు పంపారు. మనిషికి సోడియం నూట ముప్పై అయిదు పైన ఉండాలంట, నీకు నూట పన్నెండు ఉంది. నాకు వినపడదని ఆమె అరిచి చెప్పింది, వార్డంతా విన్నారు. నీళ్ల మాత్ర ఉప్పును బయటికి తోస్తోంది. నువ్వు మొక్కు పేరుతో లోపలికి ఉప్పు రానివ్వలేదు. పైగా చెంబులు చెంబులు నీళ్లు పోసి ఉన్న కాస్త ఉప్పును పలచన చేశావు. రక్తంలో ఉప్పు అంతగా పడిపోతే మెదడు ఉబ్బుతుందంట. అందుకే నీకు మిషను వినపడింది, నాయన కనపడ్డాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి పోయేదానివి. పడిపోయిన ఉప్పును కూడా మెల్లగా ఎక్కించాలి, తొందరపడితే మెదడుకే దెబ్బంట. అందుకే అన్ని రోజులు పట్టింది.

అక్కా, నాకు కోపం ఇంకా దిగలేదు. పరీక్ష చేయించాలా అని అడిగిన పిల్లను చూసి నవ్వినవాడు డాక్టరా? మన ప్రాణాలంటే ఇంత చులకనా?

ఇంటికి రాగానే నా నీళ్ల మాత్రల అట్టలన్నీ తెచ్చి మిషను పక్క కాలువలో పారేశాను. కరెంటు ఉన్న రోజు లేదు, లేని రోజు లేదు. నిన్ను చంపబోయిన దాన్ని నేను నోట్లో వేసుకోను. రత్నమ్మ ఏడ్చింది. ఏడిస్తే ఏడవనీ.

నువ్వు ఉప్పు తిను, లేచి కూర్చో.

నీ తమ్ముడు,
నారాయణప్ప

---

హిందూపురం,
29 ఏప్రిల్ 2025

ఒరే నారాయణా,

నేను లేచి కూర్చున్నాను. కూర్చోగానే చేసిన మొదటి పని నిన్ను తిట్టడానికి కాగితం వెతకడం.

నీ ఏడో తారీఖు ఉత్తరం నేను ఆసుపత్రిలో ఉండగా ఇంటికి వచ్చింది. మామ ఏదో ప్రేమగా రాసి ఉంటాడని హేమలత తెచ్చి నా మంచం పక్కన కూర్చుని చదివింది. "కళావతమ్మ గారికి" అని మొదలుపెట్టి "ఎవరి ఉప్పు వాళ్లది" అన్నదాకా చదివింది. అప్పుడు నా చేతికి సెలైను ఎక్కుతోంది. సెలైనంటే ఉప్పునీళ్లేనంట. నేను నోరు కట్టుకుంటే స్వామి సూదితో తినిపించాడు, కాబట్టి నా మొక్కు సంగతి ఇక ఎత్తొద్దు. ఎద్దులకు నీళ్లు పెట్టే వంతు మాత్రం నీదే. నాకు మతి తప్పినప్పుడు రాసిన దాంట్లో అదొక్కటే నిజం.

రత్నమ్మను నేను ఏమేమి అన్నానో నాకు గుర్తు లేదు. నువ్వు చెప్తే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకు విడిగా ఫోన్ చేశాను. ఇద్దరం ఏడ్చాము. అది నీకు అనవసరం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మాత్రలు కాలువలో పారేశావా? ఎవరిని అడిగి పారేశావు?

ఆసుపత్రి నుంచి పంపేముందు ఆ డాక్టరమ్మను నేను కూడా నీలాగే అడిగాను, ఇట్లాంటి విషాన్ని ఎందుకు అమ్మనిస్తారమ్మా అని. ఆమె నా మంచం మీదే కూర్చుంది. "విషం కాదు పెద్దమ్మా. ఎన్నో ఏళ్ల నుంచి ఈ మాత్రలు లక్షలమందికి పక్షవాతం, గుండెపోటు రాకుండా ఆపినాయి. చౌకగా దొరుకుతాయి. మీకు పడలేదు, అంతే" అంది. నాలాంటి సన్నపాటి ముసలాడవాళ్లకే సోడియం ఎక్కువగా పడిపోతుందంట. కొందరికి పొటాషియం తగ్గుతుంది, కొందరికి కీళ్లలో యూరిక్ ఆసిడ్ చేరి బొటనవేలు వాస్తుంది, షుగరు కాస్త పెరగొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, పెట్టిన కొన్ని వారాలకు మళ్లీ ఒకసారి రక్తం చూడాలి. వాంతులు, భేదులు పట్టుకున్నా, తల తిరిగినా, మనిషి తికమకగా మాట్లాడినా వెంటనే వచ్చి చూపించుకోవాలి. ఇంతే. ఇది నాకు మొదటే ఎవరైనా చెప్పి ఉంటే నేను మొక్కు వేరే మొక్కుకునేదాన్ని. నేను జన్మలో ఇంక ఆ మాత్ర వేసుకోకూడదని చీటీ మీద పెద్దగా రాసి ఇచ్చింది. వేరే జాతి మాత్ర ఇచ్చారు. దానికి కాళ్లు కొంచెం వాస్తున్నాయి. అదీ చెప్పే ఇచ్చారు.

మొన్న శ్రీకాంత్ వద్దంటున్నా వినకుండా హేమలతను వెంటబెట్టుకుని పెనుకొండ క్లినిక్కుకు పోయాను. చీటీ తీసుకోలేదు, వరుసలో కూర్చోలేదు. నేరుగా లోపలికి పోయి రక్తపరీక్ష కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చూశాడు. ముఖం మాడింది.

"అరుదుగా జరుగుతుందమ్మా ఇట్లా" అన్నాడు.

"అరుదైతే ఏమి సార్, జరిగింది నాకు కదా. ఈ పిల్ల మిమ్మల్ని అడిగినాది. మీరు నవ్వినారు" అన్నాను.

బయట కూర్చున్న వాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చారు. ఆయనకు చెమట పట్టింది. "సరేనమ్మా, తప్పయింది. ఇకమీదట ఆ మాత్ర ఎవరికీ రాయను" అన్నాడు.

నారాయణా, అప్పుడు నాకు వచ్చిన కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. "ఎవరికీ రాయకపోతే ఎట్లా సార్? మా తమ్ముడు అది వేసుకోకనే చెయ్యి పోగొట్టుకున్నాడు. నేను వేసుకుని పడిపోయినాను. ఇద్దరం ఒక కడుపున పుట్టినోళ్లమే. రాయండి సార్. రాసి, ఏం పని చేస్తాండావు, ఏం తింటాండావు అని అడగండి. పరీక్ష చేయించండి. మీ నవ్వు మానుకోండి, మాత్ర కాదు" అన్నాను. హేమలత నన్ను పట్టుకుని బయటికి తెచ్చింది. నా మనసు మాత్రం చల్లబడింది.

ఆయనకు చెప్పిందే నీకూ చెప్తున్నాను. నా ఒంటికి పడనిది నీ ఒంటికి పడదని నీకు ఎవరు చెప్పారు? కరెంటు లేని రోజున వేసుకున్నప్పుడు నీకు ఏమైనా అయిందా? దొడ్డికి పోవడం తప్ప? ఈ తూరి ఇంకో పక్షవాతం వస్తే చిన్నది రాదంట. నీ ఎడమ చెయ్యి ఒకటే కాదు, నోరు కూడా పోతుంది. నీకు వినపడదు, ఇక మాట కూడా లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి?

ముందు రక్తపరీక్ష. తర్వాత డాక్టరును నీ మిషను సంగతి చెప్పి అడుగు. ఆయన వేసుకోమంటే వేసుకో. ఈసారి నేను మొక్కు మొక్కుకోలేదు. నా దగ్గర మిగిలింది కోపం ఒక్కటే, దానికి మందు లేదు.

నీ అక్క,
కళావతి

---

ధర్మవరం,
1 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం మూడు రోజులు మిషను పక్కనే పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. నాలుగో రోజు రత్నమ్మ నా చొక్కా తెచ్చి చేతికిచ్చింది. వేసుకుని ఆమె వెంట ఇక్కడి డాక్టరు దగ్గరికి పోయాను.

లోపలికి పోగానే ముందే చెప్పాను, "సార్, నేను పిండి మిషను తిప్పుతాను, మధ్యలో లేవలేను, నాకు చెవుడు, ఇదే మాత్రతో మా అక్క చావు దాకా పోయి వచ్చింది. ఇప్పుడు రాయండి" అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి నా మాట అంతా విన్నాడు. రక్తం తీయించాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ మాత్రే రాశాడు, ఇంకొకటి చిన్నది జత చేశాడు. లేచిన వెంటనే వేసుకుంటే ఒంటేలు జోరు పొద్దెక్కేలోపు తగ్గుతుందన్నాడు. ఆ ఒక్క మాట మొదటే ఎవరైనా చెప్పి ఉంటే నా చెయ్యి పడిపోయేది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

తెల్లారి మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "ఎవరప్పా నువ్వు" అని నువ్వు అడిగిందే చెవుల్లో ఉంది. చివరికి ఇంకొకటి గుర్తొచ్చింది, ఎవరితో పోట్లాడాలి అని రాశావే, అది. మింగేశాను.

మిషను ఇప్పుడు పది గంటలకు తెరుస్తున్నాను. మొదటి రోజు ఆడవాళ్లు నామీద పడ్డారు. "ఏమబ్బా, కలెక్టరు ఆఫీసు పెట్టినావా" అని ఒకామె. నాకూ కోపం వచ్చింది, సిగ్గు వదిలేసి ఉన్నది చెప్పేశాను. నీళ్ల మాత్ర, దొడ్డి, పక్షవాతం, అంతా. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వెంకటక్క అని మా వీధి చివర ఉంటుందే, ఆమె నా చెవి దగ్గరికి వచ్చి, "మేమూ అంతేనప్పా. మిషనుకు వచ్చే రోజు మాత్ర వేసుకోము. ఈడ వరుసలో నిలబడితే యాడికి పోవల్ల" అంది. ఇంకో ఇద్దరు తల ఊపారు. నా సిగ్గు ఒక్కటే నాకు తెలుసు గానీ, వాళ్లంతా నా మిషను ముందరే బిగబట్టుకుని నిలబడి ఉన్నారని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి మా ఇంటి వెనక తలుపు తీసే ఉంచుతున్నాం. రత్నమ్మ గొణుగుతుంది గానీ బకెట్లో నీళ్లు ఆమే నింపి పెడుతుంది.

నిన్న రెండో రక్తపరీక్ష కాగితం వచ్చింది. సోడియం నూట ముప్పై ఎనిమిది. పొటాషియం కూడా బాగుంది. బీపీ నూట ముప్పై. నువ్వు నమ్మవని కాగితం ఇందులోనే పెట్టాను.

ఊరగాయ జాడీ ఇక్కడే ఉంది. డాక్టరు నన్ను దాని పక్కకు పోవద్దన్నాడు. నిన్ను ఆ డాక్టరమ్మ అందరిలాగా ఉప్పు తినమంది కదా. నా వంతు కూడా నువ్వు తిను, కొంచెం కొంచెంగా, నీ బీపీ చూసుకుని.

ఈసారి జాడీని రత్నమ్మతో పంపను. చెయ్యి బాగైందని నేను ఒకసారి అబద్ధం రాశాను, కాబట్టి రాస్తే నువ్వు నమ్మవు. వచ్చే ఆదివారం బండికి వస్తున్నాను. హిందూపురం స్టేషనుకు వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి నీ కళ్లతో చూసుకో. జాడీ నా ఎడమ చేతిలో ఉంటుంది.

నీ తమ్ముడు,
నారాయణప్ప